ఇద్దరమే ఆడిన ఆరగాన్ ఆటలు

మా ఇంటి దగ్గరి టకానిని స్టేషన్‌లో ఉదయం ఏడూ యాభైకి రైలెక్కాను. శనివారం కావడంతో పెట్టెలో పదిమంది కూడా లేరు. నా సంచిలో పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉన్నాయి. ఆ కాగితమే ఈ ప్రయాణానికి మూలం.

నేను ఆసుపత్రిలో ఎముకల వార్డులో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌ని. నవంబరులో పిలార్ అనే స్పెయిన్ ఆవిడ మణికట్టు విరగ్గొట్టుకుని, ఆపరేషన్ కోసం థేమ్స్ అనే చిన్న ఊరి నుంచి మా వార్డుకి వచ్చింది. అరవై దాటిన మనిషి. కట్టు లేని చేత్తో నాలుగు చిన్న గొర్రె ఎముకలు దుప్పటి మీద ఎగరేసి పట్టుకుంటూ ఉండేది. మేం గచ్చకాయలతో ఇదే ఆడేవాళ్ళమని ఒకరోజు బీపీ చూస్తూ చెప్పాను. ఇక నేను కనిపిస్తే చాలు, ఆరగాన్ అనే తన ప్రాంతంలోని ఆటల గురించి చెప్పేది. డిశ్చార్జి రోజున ఆ కాగితం నా చేతిలో పెట్టింది. నెలనెలా మొదటి శనివారం, థేమ్స్‌లో ఫలానా హాల్లో, పదకొండు నుంచి మూడు దాకా ఆరగాన్ ఆటలు, అందరూ రావచ్చు అని ఉంది. వార్డు నుంచి వెళ్తూ చాలామంది మా ఊరు రమ్మంటారు. మేమెవరం వెళ్ళం. వాళ్ళూ ఎదురుచూడరు.

ఈసారి వెళ్ళడానికి కారణం గ్రేస్. తెనాలి పిల్ల, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. తొమ్మిదేళ్ళు ఇద్దరం ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం. ఫిబ్రవరిలో పెళ్ళి చేసుకుని బ్రిస్బేన్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆఫ్ రోజుల్లో మధ్యాహ్నం రెండింటి దాకా నా గొంతు నేనే వినేదాన్ని కాదు. గురువారం ఫోన్ చేసి, "అక్కా, ఆఫ్ వస్తే ఇంట్లోనే కూచుంటన్నావంటగా. ఎటన్నా వెళ్ళు, ప్లీజ్," అంది. వెళ్తానని మాట ఇచ్చాక ఎటు వెళ్ళాలో తోచలేదు. కాగితం గుర్తొచ్చింది.

పుహినుయిలో దిగి రైలు మారితే మనుకావు ఒక్క స్టేషనే. స్టేషన్ పక్కనే బస్టాండు. థేమ్స్ బస్సు తొమ్మిదింటికి. టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, డ్రైవరు దగ్గర పేరు చెబితే చాలు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. మోటర్‌వే వదిలి, ఇక్కడ బాంబే అని పిలిచే కొండలు దిగాక నేల బల్లపరుపుగా మారింది. ఎటు చూసినా పచ్చిక, ఆవులు, నీళ్ళ కాలవలు. దూరంగా కోరమాండల్ కొండలు నీలంగా ఒక గీతలా ఉన్నాయి. ఇరవై నిమిషాల పాటు ఆ గీత దగ్గరకి రానే లేదు.

పక్క సీట్లో ఈ దేశపు మూలవాసుల్లో ఒకరు, మావోరి పెద్దావిడ. ఒళ్ళో సంచినిండా జామకాయల్లాంటి ఫీజోవా పళ్ళు. రెండు నా చేతిలో పెట్టి, థేమ్స్‌లో మీవాళ్ళెవరున్నారని అడిగింది. ఎవరూ లేరు, ఆటలు ఆడటానికి వెళ్తున్నానన్నాను. నా వయసు అంచనా వేస్తున్నట్టు ఒకసారి చూసింది. ఏం ఆటలని అడిగితే ఎముకల ఆట గురించి చెప్పాను. వాళ్ళ బళ్ళోనూ ఆడేవాళ్ళట. "మా అక్కే గెలిచేది. ఇప్పుడు ఆమె లేదు, గెలిచినా చెప్పుకోడానికి ఎవరున్నారు," అని ముందుకి తిరిగి కూర్చుంది. న్గాటియా అనే ఊళ్ళో దిగిపోయింది.

పదిన్నర దాటాక థేమ్స్ చేరాం. కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న పొడవాటి ఊరు. ఒకే పెద్ద వీధి, పాత చెక్క దుకాణాలు. ఒకప్పుడు ఇక్కడ బంగారం తవ్వారు. వీధి ఆ చివర శనివారం సంత జరుగుతోంది, జనమంతా అక్కడే ఉన్నారు. హాలు ఈ చివర ఉంది. నడిస్తే పది నిమిషాలు.

లోపల పిలార్ ఒక్కతే ఉంది. నేల మీద తెల్ల టేపుతో గీతలు, ఒక పక్క గోనెసంచులు, లావుపాటి తాడు, గుండ్రంగా పేర్చిన ఇరవై కుర్చీలు. బల్ల మీద మందపాటి బంగాళాదుంప ఆమ్లెట్లు మూడు, ముక్కలుగా కోసి గుడ్డ కప్పి ఉన్నాయి. నన్ను చూసి ఎవరో గుర్తుపట్టడానికి ఆమెకి క్షణం పట్టింది. యూనిఫాంలో తప్ప చూడలేదు కదా. గుర్తుపట్టాక దగ్గరకొచ్చి, రెండు బుగ్గలూ తాకించి, నా పేరు తప్పులేకుండా పలికింది.

పన్నెండున్నర దాకా ఇద్దరం తలుపు వైపే చూస్తూ మాట్లాడుకున్నాం. ఒక జంట లోపలికి తొంగిచూశారు. పిలార్ లేచి నిలబడింది. వాళ్ళు టాయిలెట్ ఎక్కడని అడిగి, పని చూసుకుని వెళ్ళిపోయారు. గుండ్రంగా కూర్చుంటే ఒకరు వెనకనుంచి చెప్పు పడేసి పరుగెత్తే ఆటకి కనీసం ఎనిమిది మంది కావాలి. మా ఊళ్ళో చేతిరుమాలుతో ఆడేదీ అదే. తాడు లాగడానికి రెండు జట్లు కావాలి. పిలార్ కుర్చీలు ఒక్కొక్కటే గోడ వారకి చేర్చడం మొదలుపెట్టింది. నేనూ అందుకున్నాను. పోయిన నెల ఎంతమంది వచ్చారని అడగబోయి ఇంకో కుర్చీ ఎత్తాను.

"బిర్యాస్ ఇద్దరైనా ఆడొచ్చు," అందామె.

అది వాళ్ళ కొండల్లో ఆడవాళ్ళ ఆట. ఆరు చెక్క గుంజలు నిలబెట్టి, దూరం నుంచి పొట్టి కర్రలు మూడు విసరాలి. ఆరూ పడిపోతే గెలిచినట్టు కాదు. అయిదు పడి, ఒక్కటి నిలబడాలి. ఆ గుంజల్ని పాత కంచె కర్రలతో ఆమె భర్త చెక్కాడు. ఆయన ఈ ఊరివాడే, పోయి రెండేళ్ళయింది. నా మొదటి కర్ర గోడకి తగిలింది, రెండోది బల్ల కిందకి పోయింది. మణికట్టు పూర్తిగా నయం కాలేదు కాబట్టి పిలార్ ఎడమచేత్తో విసిరింది. గంటన్నర ఆడాం. ఒకసారి నా కర్రలకి అయిదు పడ్డాయి. ఆరోది ఊగి ఊగి నిలబడింది. అది నిలబడేదాకా ఇద్దరం ఊపిరి బిగపట్టాం.

పులిహోర, ఆమ్లెట్ పంచుకు తిన్నాక, మీ దేశంలో ఇద్దరే ఆడే ఆట ఏదని అడిగింది. ఒప్పులకుప్ప గుర్తొచ్చింది. చెప్పడం కష్టం, చేసి చూపించాలి. ఎదురెదురుగా నిలబడి, చేతులు అడ్డంగా పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి గిర్రున తిరగాలి. ఆపరేషనైన చెయ్యి కనుక మణికట్టు వదిలి మోచేతి దగ్గర పట్టుకున్నాను. మొదట వార్డులో పేషెంటుని నడిపించినట్టు మెల్లగా తిరిగాం. తర్వాత ఆమె వేగం పెంచింది. కిటికీలు, కుర్చీలు, ఆమ్లెట్ల బల్ల అన్నీ ఒక చారలా కలిసిపోయాయి. యాభై నాలుగేళ్ళ నేను, అరవై దాటిన ఆమె, ఖాళీ హాల్లో అరుస్తూ తిరిగాం. కళ్ళు తిరిగి నేల మీద కూలబడ్డాం.

నవ్వు తగ్గాక కూడా ఆమె నా చెయ్యి వదల్లేదు.

"ఆసుపత్రిలో తప్ప నన్నెవరైనా పట్టుకుని రెండేళ్ళయింది," అంది.

నేను రోజంతా మనుషుల చేతులు పట్టుకునే ఉంటాను. లేపడానికి, నడిపించడానికి, సూది పోటుకి భయపడితే ధైర్యం చెప్పడానికి. నా చెయ్యి ఎవరో పట్టుకున్నారని ఆ మాట విన్నాకే గ్రహించాను. గోడ గడియారం వైపు చూశాను. మూడున్నర.

తిరుగు బస్సు నాలుగుంబావుకి. పిలార్ బస్సు దాకా నడిచి వచ్చింది. హాలు ఇక వదిలేస్తున్నానని, గుంజలు ఆప్ షాపుకి, అదే పాత సామాన్ల దుకాణానికి, ఇచ్చేస్తానని దారిలో చెప్పింది. ఇంట్లో ఇంకో గది ఉందట. "ఈ రాత్రికి ఉండు. రేపు పొద్దున కొండ మీదకి వెళ్దాం," అంది. వెంటనే, "రేపు డ్యూటీ ఉందండీ," అన్నాను. నాకు రేపు డ్యూటీ లేదు. ఎవరైనా ఉండమంటే ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది, ఏళ్ళుగా అలవాటు. ఆమె తలూపి, మిగిలిన ఆమ్లెట్ ముక్కలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. బస్సు కదిలాక చెయ్యి ఊపలేదు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడింది.

ఊరి బయట కోపు అనే చోట వంతెన దాటుతుంటే కింద నది బురద రంగులో నిండుగా ఉంది. బస్సులో ఆరుగురం, ఎవరి కిటికీ వాళ్ళది. వచ్చేటప్పుడు దగ్గరకి రాని కొండలు ఇప్పుడు వెనక్కి పోవడం లేదు. న్గాటియా దాటాక ఫోన్ తీసి, కాగితం మీదున్న పిలార్ నంబరుకి, నాకు రేపు డ్యూటీ లేదు, అబద్ధం చెప్పాను, గుంజలు ఎవరికీ ఇవ్వొద్దు అని రాసి పంపాను. జవాబు రాలేదు. బాంబే కొండలెక్కుతుంటే మళ్ళీ చూశాను, లేదు.

థేమ్స్ చూడదగ్గ ఊరేనా అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. బంగారు గనులు చూడలేదు, సముద్రం ఒడ్డుకి వెళ్ళలేదు, సంతలోనూ అడుగుపెట్టలేదు. ఒక హాలు చూశాను. ఇన్నేళ్ళలో ఈ దేశంలో నేను ఎవరింట్లోనూ ఒక్క రాత్రి కూడా అతిథిగా పడుకోలేదని ఆ బస్సులో లెక్క తేలింది. రమ్మన్నవాళ్ళు లేక కాదు.

ఆరు కావస్తుంటే మనుకావులో దిగి రైలు ప్లాట్‌ఫారానికి వెళ్ళాను. రైలు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకుంటుండగా ఫోన్ మోగింది. పిలార్ రాసింది ఒక్క ముక్కే: "రేపు బస్సు ఎన్నింటికి వస్తుంది?"

ఆదివారం టైములు నాకు తెలియవు. రైలుని వదిలేసి, టైములు చూడటానికి మళ్ళీ బస్టాండు వైపు నడిచాను.