సముద్రం అప్పగించే రోజు

వాండో రేవులో చిరిగిన వలలు బాగుచేసే ఒక్‌బున్‌కు అరవై దాటాయి. ఒళ్ళో వల, చెవి దగ్గర రేడియో. ఎక్కడ భూకంపం వచ్చినా, ఏ రెండు దేశాలు కొట్టుకున్నా, సంచిలోంచి బైబిలు తీసి, లోకాంతం గురించి చెప్పే ప్రకటన గ్రంథంలో సరిపోయే మాట కింద పెన్సిలుతో గీత గీస్తుంది. పదకొండేళ్ళ కిందట ఆమె భర్త తోక్‌సు పడవతో సహా మునిగిపోయాడు. శవం దొరకలేదు. కడపటి రోజున సముద్రం తనలోని మృతులను అప్పగిస్తుందని పాస్టరుగారు చెప్పినప్పటి నుంచి ఆమె ఆ రోజు కోసమే బతుకుతోంది.

మొన్న సరిహద్దులో ఫిరంగులు పేలాయని రేడియో చెప్పింది. పక్కనే వల కుడుతున్న పాన్‌సూన్ కొడుకు అక్కడే సిపాయి. ఆమె చేతిలోంచి సూది జారిపోయింది. ఒక్‌బున్ ముఖం మాత్రం వెలిగింది.

"దగ్గర పడింది చెల్లీ, ప్రభువు వచ్చేస్తున్నాడు."

"మీ ఆయన రావాలంటే నా కొడుకు పోవాలా అక్కా?" అంది పాన్‌సూన్, మెల్లగానే.

మర్నాడు కాల్పులు ఆగిపోయాయి. పాన్‌సూన్ చిలగడదుంపలు ఉడకబెట్టి తెచ్చి అందరికీ పంచింది. "తినక్కా, వేడిగా ఉంది" అంటూ ఒక్‌బున్ చేతిలోనూ ఒకటి పెట్టింది. ఒక్‌బున్ కళ్ళు మూసుకుంది. పదకొండేళ్ళుగా ఏ ముద్దకూ తప్పని స్తోత్రం ఆ పూట ఆమె నోట రాలేదు.