సూది మానేశాక తొమ్మిది నెలలు

పిల్లలు కాకుండా వేసే సూది సంగతి మా అత్తకు చెప్పొద్దన్న నిర్ణయం నాదే. తొంభైల మొదట్లో మాట. అప్పటికి నా బిడ్డకు ఆరు నెలలు. ఇంకొకరు కావాలి గానీ అప్పుడే వద్దనుకున్నాను. మూడు నెలలకోసారి కరీంనగర్ పోయి ఒక డాక్టరమ్మ దగ్గర వేయించుకునేదాన్ని. మా ఆయనకు తెలుసు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, అందుకని బిడ్డ మీద ఒట్టు వేయించుకున్నాను. మంచి పనే చేశానని ఇప్పటికీ అంటాను.

మాది సాంచల ఇల్లు. మరమగ్గాలను మా దిక్కు సాంచలంటారు. మా ఇంట్లో నెలసరి వస్తే మూడు రోజులు నూలు ముట్టకూడదు, కండెలు చుట్టకూడదు, వెనక అర్రలో దూరంగా ఉండాలి. సూది మొదలైన కొన్నాళ్ళకే నాకు నెలసరి ఆగిపోయింది. అత్తకు అనుమానం వస్తుందని నెలనెలా తారీఖు చూసుకుని, ఏమీ లేకుండానే పోయి అర్రలో కూర్చునేదాన్ని. శుభ్రమైన బట్టను తడిపి దండెం మీద ఆరేసేదాన్ని. నా వంతు కండెలు అత్తే చుట్టేది, అన్నం తెచ్చి పెట్టేది. మొదటి నెల పాపం తగులుతుందేమోనని భయపడ్డాను. రెండో నెల నుంచి, చెప్పొద్దూ, హాయిగా నిద్రపోయాను.

రెండేళ్ళకు సూది మానేశాను. మరునెలకే కడుపు నిలుస్తుందనుకున్నాను. కడుపు లేదు, నెలసరీ లేదు. ఒళ్ళు మాత్రం ఊరింది, రవికలన్నీ బిగుతయ్యాయి. తలనొప్పి, ఊరికే చిరాకు. నాలుగు నెలలు, ఆరు నెలలు. డాక్టరమ్మను అడిగితే, కొందరికి మానేశాక ఏడాది దాకా ఇట్లాగే ఉంటుంది, అదే సర్దుకుంటుందంది. ఆ మాట మొదటి సూది నాడే చెప్పాలి కదా అని ముఖం మీదే అన్నాను. బయటికి ధీమాగానే ఉన్నాను. కానీ నా బిడ్డకు తోడు లేకుండా నా చేతులారా చేసుకున్నానా అని ఒకనాడు కండెలు చుడుతూ ఏడ్చాను. అర్రలో కూర్చోవడం మాత్రం మానలేదు.

సూది మానేసిన ఎనిమిదో నెలలో అత్త అంది, "వేములవాడ రాజన్నకు కోడె మొక్కిన. నీ మూడు దినాలు ఎప్పుడో చూస్కొని చెప్పు, పోయొద్దాం."

మనిషి దగ్గర ఎంత నాటకమైనా ఆడొచ్చు. లేని నెలసరికి తారీఖు చెప్పి, మొక్కు కోడెను పట్టుకుని రాజన్న గుడి చుట్టూ తిరగడం నా వల్ల కాదు. కండెలు చుట్టే రాట్నం ఆపి సూది సంగతి మొత్తం చెప్పేశాను. తిడుతుందని చూశాను.

"సూది సంగతి నాకెర్క లేకుండె," అంది. "నువ్వు ఉత్తగనే కూసుంటున్నవని ఎర్కనే. రెండేండ్లు దాటె మరక లేని బట్ట ఆరేయబట్టి, నాకు కండ్లు లెవ్వా?"

"మరెందుకు అడగలే అత్తా?"

"పిల్ల పాలు తాగుతుంది గద, అందుకే ఆగిందనుకున్న. పనికి సాతగాక జర ఆరాం జేస్తున్నవని ఊకున్న. పిల్ల పాలు మాని గిన్ని నెలలైనా రాకపాయె. నీకు లోపటేదో అయ్యిందని పరేషానయ్యి మొక్కిన."

మనవడి కోసం మొక్కిందనుకున్నాను నేను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఎంత తెలివిగలదాన్నని మురిశాను! ఆ వయసులో ఆమె నడుము నొప్పితో నా కండెలు తెలిసే చుట్టింది.

తొమ్మిదో నెలలో నెలసరి వచ్చింది, నిజంగానే. పరుగున పోయి అత్తకు చెప్పాను. ఆమె రాజన్నకు దండం పెట్టి, చేతిలో కండె పక్కన పెట్టి, నాకు అర్రలో చాప పరవడానికి లేచింది. ఆ చాప మీద ఆమెనే పడుకోబెట్టాను. వచ్చి రాట్నం ముందు కూర్చున్నాను. ఆ మూడు రోజులూ కండెలు నేనే చుట్టాను.