గ్లాసెడు బోరింగు నీళ్లు

డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన కొమురెల్లికి రెండేళ్లు చెప్పులరగదీశాక హనుమకొండలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం దొరికింది, అదీ టెంపరరీ. సీసాల సంచిని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సుల్లో ఊళ్లు తిరుగుతాడు. ఎవరు గ్లాసు చేతికిచ్చినా వెలుతురుకు ఎత్తి చూడందే తాగడు. ఫ్లోరైడు కంటికి కనబడదని తెలిసీ చూస్తాడు. నీళ్లు చెడ్డవని తేలిన బోరింగుకు, తాగొద్దని గుర్తుగా ఎర్రరంగు పూసి వస్తాడు. మళ్లీ పోయేసరికి ఆ రంగు కిందే బిందెలు బారులు తీరి ఉంటాయి. వేరే నీళ్లు తెచ్చివ్వడం అతని పని కాదు.

ఈ ఎండాకాలం రఘునాథపల్లి అవతల ఒక ఊళ్లో, మాదిగవాడ బోరింగుకు రంగు పూస్తుంటే, ఆ నీళ్లకే మోకాళ్లు వంకరపోయిన కట్టమ్మ ఆ నీళ్లే గ్లాసెడు తెచ్చింది. "వద్దమ్మా" అన్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

"మాదిగోళ్లింట్ల నీళ్లని తాగుతలేరా సారూ?"

రంగు అంటిన చేత్తోనే గ్లాసు అందుకుని, ఈసారి వెలుతురుకు ఎత్తకుండా, అడుగుదాకా తాగాడు కొమురెల్లి.

"మంచిగున్నయా బిడ్డా?" అందామె, ముఖమంతా విప్పారి.

"మంచిగున్నయమ్మా" అన్నాడు, రంగు ఆరని బోరింగు వైపు చూడకుండా.