గాలి అడ్డొచ్చిన స్కాన్

కాలేయ మార్పిడి జరిగిన రెండో ఏడు నా రక్తపరీక్షలో కాలేయపు అంకెలు పెరిగాయి. ఆపరేషన్ చేసిన విశాఖపట్నం డాక్టరు ఫోన్లోనే, "వెంటనే డాప్లర్ స్కాన్ తీయించండి. కాలేయానికి వెళ్లే ధమనిలో రక్తం పారుతోందో లేదో తెలియాలి" అన్నారు. పారకపోతే ఏమిటని అడిగాను. మళ్లీ మార్పిడి దాకా వెళ్లవచ్చన్నారు.

నాలో ఉన్న కాలేయపు ముక్క మా అప్పది, అంటే మా అక్కది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. భావనపాడులో చేపల వ్యాపారం నాది. అప్పను నెల్లిమర్ల ఇచ్చారు. విజయనగరానికి దగ్గరని స్కాన్ కోసం ఆమె ఇంట్లోనే దిగాను.

విజయనగరం స్కాన్ సెంటరులో డాక్టరమ్మ ఐదు నిమిషాలు చూసి, "పేగుల్లో గాలి అడ్డొస్తోంది. ఏదో తినొచ్చారు" అంది. రాత్రి నుంచీ ఏమీ తినలేదన్నాను. "అందరూ అలాగే అంటారు" అంది, గుమ్మంలో ముగ్గురు వింటుండగా. ధమని సరిగా కనబడలేదని రిపోర్టులో రాసింది. నేను మేనేజరుకు ఫిర్యాదు రాసిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్నాను. వేరేచోటికి పోదామని అప్ప బతిమాలింది. ఆ మాట అన్నవాళ్లే మళ్లీ చూడాలని నేను పట్టుబట్టాను. అలా రెండు రోజులు పోయాయి.

మూడో రోజు ఉదయం మళ్లీ అదే బల్ల.

"ఈసారైనా ఏమీ తినలేదు కదా?" అంది డాక్టరమ్మ.

నేను నోరు తెరిచేలోగా తలుపు దగ్గర నుంచి అప్ప అందుకుంది. "నేదమ్మా, మెతుకు ముట్టనేదు. సెంబుడు సోడంబలి తాగినాడంతే."

"ఎప్పుడు?"

"ఆటో ఎక్కీ ముందల. అంబలి తిండేటమ్మా? ఉపాసమున్నా తాగుతాం గదేటి!"

"మొన్న కూడా తాగారా?"

"మొన్న రెండు సెంబులు. కళ్లు తిరుగుతాయని నానే పోసినాను."

డాక్టరమ్మ నావైపు చూసింది. మా ఇళ్లలో ఉపవాసమంటే అన్నం మానడం. రాగిపిండి అంబలి మంచినీళ్ల కిందే లెక్క. అది అడ్డొస్తుందని నాకు తోచలేదు, నిజమే. కానీ వాళ్లిచ్చిన చీటీలో "ఆహారం తీసుకోరాదు" అనే ఉంది, తాగడం గురించి ఒక్క ముక్క లేదు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది.

"అసలైతే సాయంత్రం రమ్మనాలి. కానీ ఇప్పటికే ఆలస్యమైంది, ప్రయత్నిద్దాం" అని ఎడమ పక్కకు తిరగమంది. చల్లటి జెల్ రాసి, కుడి పక్కటెముకల సందున పరికరాన్ని నొక్కిపెట్టి, ఊపిరి పీల్చి బిగపట్టమంది.

"ఇలాగే మొన్న చూడొచ్చు కదా?" అన్నాను.

"మాట్లాడితే ఊపిరి వదిలేస్తారు."

"ఒరే, కాసేపు నోర్ముయ్యిరా" అంది అప్ప. "లోపల నాది కూడా ఉన్నాది."

తెరమీద ఎరుపు, నీలం మరకలు కదులుతున్నాయి. డాక్టరమ్మ పరికరాన్ని వేలెడు కిందికి జరిపింది, మళ్లీ పైకి తెచ్చింది. మూడుసార్లు ఊపిరి బిగపట్టాను, ఏమీ వినబడలేదు. నాలుగోసారి యంత్రంలోంచి బుస్సు బుస్సుమని చప్పుడొచ్చింది.

"ఇదే ధమని. బాగా పారుతోంది" అంది డాక్టరమ్మ. అంకెలు ఎందుకు పెరిగాయో విశాఖపట్నం డాక్టరే మందుల మోతాదు చూసి తేల్చాలంది. నన్ను అన్న మాట గురించి ఏమీ అనలేదు.

అప్ప చెప్పులు విప్పి లోపలికొచ్చి తెర ముందు నిలబడింది. "ఇంకోపాలి ఇనిపించమ్మా."

డాక్టరమ్మ మళ్లీ పరికరం ఆనించింది. ఎవరూ చెప్పకుండానే నేను ఊపిరి బిగపట్టాను.