వదినకు కరెంటు పెట్టిన రోజులు

1997 వర్షాకాలం నాటికి నేను కాకినాడలోని ఒక ఆసుపత్రిలో, రేడియోథెరపీ విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌ని. కోబాల్ట్ యంత్రం మా అజమాయిషీలో ఉండేది. రోగులు ఆ వైద్యాన్ని 'కరెంటు పెట్టించుకోవడం' అనేవారు. కరెంటు కాదు, కిరణాలని చెప్పి చెప్పి విసుగొచ్చి, చివరికి నేనూ కరెంటనే అనడం మొదలుపెట్టాను.

ఆ ఏడాదే మా వదినకు రొమ్ము కాన్సర్ అని తేలింది. అన్నయ్యకు కడియంలో మొక్కల నర్సరీ. అమ్మ పోయాక నన్ను పెంచింది వదినే. ఆపరేషన్ అయి గాయం మానాక డాక్టరుగారు ఐదు వారాల రేడియేషన్ రాశారు. మా ఇంట్లో ఉండి రోజూ ఆసుపత్రికి వచ్చేలా ఏర్పాటు చేశాం. నేనున్న చోటే వైద్యం కాబట్టి ఇక దిగులు లేదని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

మా పని పద్ధతి ఇది. కిరణాలు పడాల్సిన మేర చుట్టూ డాక్టరుగారు చర్మం మీద సిరాతో గీతలు గీస్తారు. రోజూ రోగిని బల్ల మీద పడుకోబెట్టి, అక్కడ బట్ట తొలగించి, యంత్రం నుంచి పడే వెలుతురును ఆ గీతలకు సరిపెట్టి, దూరం కొలవాలి. తర్వాత మేం బయటికొచ్చి, తలుపు మూసి, కిరణాలను ఆపే సీసపు గాజు కిటికీలోంచి చూస్తూ టైమర్ నొక్కుతాం. అది ఆగేదాకా రోగి కదలకూడదు.

మొదటిరోజు నన్ను తెల్లకోటులో చూడగానే వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

"నువ్వుంటే నేను లోపలికి రాను. ఇంటికెళ్ళిపోతాను" అంది. అన్నంత పనీ చేసే మనిషి.

నా తోటి టెక్నీషియన్ మూర్తిగారు కూడా మగవాడే కదా అన్నాను.

"ఆయన తర్వాత నాకు కనపడరు. నువ్వు రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తినాలి."

ఆ పని మూర్తిగారు తీసుకున్నారు. లోపల ఒక నర్సు తోడుండేది. వదిన వంతు వచ్చినప్పుడు నేను క్యాంటీన్‌కి వెళ్ళి టీ తాగేవాణ్ణి. ఇంట్లో ఆ ఊసే ఎత్తేవాళ్ళం కాదు. సాయంత్రాలు నా భార్య పెంచే గులాబీల దగ్గర చేరి, "ఇవి మొక్కలా, పుల్లలా?" అని వదిన మా ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టేది.

మూడో వారంలో మూర్తిగారికి విషజ్వరం పట్టుకుంది. మూడో టెక్నీషియన్ లేడు. మధ్యలో ఆపితే మిగిలిన కాన్సర్ కణాలు కోలుకుంటాయని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ సాయంత్రం వదినకు ఉన్నదున్నట్టు చెప్పాను. కావాలంటే అన్నయ్యను తోడిచ్చి విశాఖపట్నం పంపిస్తాను, కానీ అక్కడ కొలతలన్నీ మళ్ళీ మొదట్నుంచి తీయాలి, ఆలస్యమవుతుంది, నీ ఇష్టం అన్నాను. ఆవిడ లేచి గులాబీల దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు భయం వేసింది. వదిన లేని ఇంటిని నేను ఊహించుకోలేను.

మర్నాడు నాకన్నా ముందే చీర కట్టుకుని ఆటో పిలిపించింది. నర్సు సాయంతో బల్ల మీద పడుకుంది. గీతల మేర తప్ప మిగతా ఒళ్ళంతా నర్సు దుప్పటితో కప్పింది. నేను దగ్గరికి వెళ్ళగానే వదిన అంది: "నేను కళ్ళు మూసుకుంటాను. నువ్వు మాత్రం బాగా తెరుచుకుని చెయ్యి అబ్బాయ్. గీత దాటిందో, ఊరుకోను."

నర్సు ఫక్కున నవ్వింది. ఒకసారి చూస్తే చాలే దూరాన్ని నేను రెండుసార్లు చూసుకున్నాను.

ఆఖరి వారంలో మూర్తిగారు డ్యూటీకి వచ్చారు. ఆయన్నే చేయమందామా అంటే, "ఇప్పుడెందుకులే, నువ్వే కానియ్యి" అంది. చర్మం నల్లబడి, పొరలు లేచి, నెమ్మదిగా మానింది. పదేళ్ళ తర్వాత కూడా పరీక్షల్లో ఏ దోషమూ కనపడలేదు. ఆవిడ నర్సరీలో మామిడికి అంట్లు కడుతూనే ఉంది. డాక్టరుగారికి, మూర్తిగారికి, ఆ నర్సుకు నేను రుణపడి ఉన్నాను. వదినకైతే చెప్పనే అక్కర్లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. ఏ రోగి బట్టా చెప్పకుండా తొలగించలేదు. ఎంతమేర, ఎందుకు, ఎంతసేపు అన్నది ముందే చెప్పి, సరేననే వరకూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్ళకు యంత్రం కంటే ముందు ఇదే నేర్పాను. పడుకున్న మనిషి ఒప్పుకున్నాకే మా పని మొదలవుతుంది.