అమ్మ చెప్పిన ‘సరే’లు

టైలరమ్మ చేతిలో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. అమ్మ గురించి పది వాక్యాలు రాసుకొచ్చింది. మొదటి రెండు: ‘మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం చెప్పినా సరే అనడమే తప్ప ఎదురు మాట్లాడి ఎరగదు.’

బట్టల మిల్లు కార్మికుల సంఘం గది అది. అమ్మ పోయి పదిహేను రోజులైంది. ముప్పై ఒక్కేళ్లు మగ్గాల షెడ్డులో ఆమెతో కలిసి పనిచేసినవాళ్లు, నలుగురం కూర్చుని ఒకసారి ఆమెని తలుచుకుందామని కబురు పెట్టారు. నలుగురనుకుంటే నలభై మంది వచ్చారు. కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్టు మీదే సర్దుకున్నారు.

తమ్ముడూ వచ్చాడు. లారీ డ్రైవరు. అయిదేళ్ల కిందట మిల్లులో పని మానేశాడని, ఎన్నడూ లేనిది, అమ్మ తిడితే ఇల్లు వదిలినవాడు, అమ్మ పోయిన మర్నాటికిగానీ అందలేదు. ఇప్పుడు తలుపు పక్క కుర్చీ చివరంచున, ఏ క్షణాన లేచిపోదామా అన్నట్టు కూర్చున్నాడు. అక్క వైపు చూడలేదు. అక్కా పలకరించలేదు. కన్నతల్లే తన మొహం చూడొద్దనుకునేంత పని చేసినవాడు, ఇప్పుడొచ్చి ఏం లాభం అన్నది ఆమె లెక్క.

ముందుగా పిన్ని లేచింది. సొంత పిన్నేమీ కాదు. షెడ్డులో అమ్మ పక్క మగ్గం ఆవిడది, అంతే.

“మా రేడియో ఆగిపోయింది,” అంది.

గదిలో సగం మంది నవ్వారు, సగం మంది కళ్లు తుడుచుకున్నారు. టైలరమ్మకి అర్థం కాలేదు.

“రేడియో ఎవరు పిన్నీ?”

“ఎవరేంటమ్మా, మీ అమ్మే! ఎనిమిది గంటల షిఫ్టులో ఆ నోరు ఎప్పుడు మూతపడింది గనక?”

“మా అమ్మా?”

“మీసాల సూపర్‌వైజరు నడక నడిచి చూపించేది. వాడటు తిరగ్గానే ఇది మొదలు. వాడిటు తిరిగేసరికి ఏమీ ఎరగనట్టు తెగిన పోగు ముడేస్తూ ఉండేది. నవ్వాపుకోలేక చచ్చేవాళ్లం.”

కిటికీ గట్టు మీది ముసలాయన అందుకున్నాడు. “ఆ మగ్గాలాపిన రోజు చెప్పవేం?”

ఆడవాళ్లు పాయిఖానాకి వెళ్లాలంటే చీటీ తెచ్చుకోవాలని మిల్లు రూలు పెట్టిన రోజట. అమ్మ ఎవరినీ అడక్కుండా తన మగ్గం ఆపేసిందట. పక్కది ఆగింది. దాని పక్కది ఆగింది. వరసగా ఇరవై రెండు మగ్గాలూ నిలిచిపోయాయి. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి అరిచాడు. “చప్పుడు లేని షెడ్డులో వాడి గొంతు మేం వినడం అదే మొదటిసారి. అంత మీసానికి పిల్లి గొంతు! ఒకటే నవ్వులు. సాయంత్రానికి రూలు లేదు, ఏమీ లేదు.”

టైలరమ్మ నోరు తెరిచి వింటూ ఉండిపోయింది. ఇంట్లో ముద్ద తింటున్నంతసేపూ రెండు మాటలాడని మనిషి గురించేనా వీళ్లు చెప్పేది? ఎవరినో అనుకుని ఎవరి సభో పెట్టారా?

“ఆ మోతలో మాటలెలా వినపడేవి పిన్నీ?”

“గొంతుతో ఎవరు మాట్లాడారు? పెదాలతో. అవతలివాళ్ల పెదాలు చూసి ఇట్టే పట్టేసేవాళ్లం. మీ అమ్మయితే షెడ్డు ఆ చివర ఎవరేమనుకుంటున్నారో ఈ చివర్నుంచి చెప్పేసేది. మాకు సగం సగం చెవులన్నా మిగిలాయి. దానికి రెండూ పోయాయాయె.”

“పోవడమేంటి?”

పిన్ని ముసలాయన వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

“నీకు... తెలీదామ్మా?”

తెలీదు. కడుపున పుట్టిన ఇద్దరికీ తెలీదు. ఇరవై ఏళ్లుగా అమ్మకి ఏమీ వినపడేది కాదన్న సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, వాళ్లిద్దరికి తప్ప.

పిన్ని మెల్లగా చెప్పుకొచ్చింది. ఏడాదికోసారి మిల్లు డాక్టరు వచ్చి, ఎదురుగా నిలబడి, “వినపడుతోందా?” అని అడిగేవాడు. అమ్మ ఆయన పెదాలు చూసి, “బాగా” అనేది. ఆయన చీటీ మీద సంతకం పెట్టేవాడు. వినపడలేదన్న మనిషిని మర్నాడు గేటు బయట నిలబెట్టేవారు. చెవులు తినేసింది మిల్లు, చెవిటిదని పంపేసేదీ మిల్లే. చెవుల్లో పెట్టుకోవడానికి గుప్పెడు దూది కూడా ఎన్నడూ ఇవ్వలేదు. అది ఆ మిల్లు తప్పు. ఆ డాక్టరు తప్పు. మన ఒంటి మీది బట్టకి మురిసిపోతూ, అది ఎవరి చెవులు తిని తయారైందని అడగని మన తప్పు కూడా.

“పని మానేశాకైనా మాకు చెప్పొచ్చుగా?” అంది టైలరమ్మ.

“నేనూ అదే అన్నాను. పిల్లలు జాలిపడితే తట్టుకోలేనంది. విసుక్కున్నా పర్లేదు, జాలి మాత్రం వద్దంది.”

టైలరమ్మ విసుక్కోవడమైతే బాగానే విసుక్కుంది.

చివరి మూడేళ్లూ అమ్మ తన దగ్గరే ఉంది. కుట్టుమిషన్ గోడకేసి ఉంటుంది. గిరాకీ ఊపిరాడనివ్వదు. కాలు పెడలు మీద, కళ్లు గుడ్డ మీద, వెనక మంచం మీద అమ్మ. ఏం అడిగినా గోడ వైపు తిరిగే అడిగేది. “కూర చాలా అమ్మా?” సరే. “ఫ్యాను తగ్గించనా, పెంచనా?” సరే. అడిగినదానికి అతకని సరేలు ఎన్ని! పరధ్యానం అనుకుంది. వయసు అనుకుంది. వెనక నుంచి తన దవడ కదలడం చూసి, ఏదో అడిగిందని సరే అనేదని ఇప్పుడు తెలిసింది.

కిందటి చలికాలంలో తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, ఒకసారి అమ్మకివ్వు.” అమ్మ ఫోన్ ముట్టుకునేది కాదు, ఎవరిచ్చినా చెయ్యూపి వద్దనేది. అప్పుడూ వద్దంది. “పోనీ, ఇంటికి రానా? అడుగు,” అన్నాడు. టైలరమ్మ మిషన్ ఆపలేదు. గోడ వైపు తిరిగే కేకేసింది.

“అమ్మా, తమ్ముడొస్తాట్ట. వద్దని చెప్పెయ్యనా?”

“సరే.”

చెప్పేసింది.

ఆ తర్వాత వారం వారం అమ్మ అడుగుతూనే ఉంది, “వాడు ఫోన్ చేశాడా?” అని. నువ్వేగా వద్దన్నావని, తల తిప్పకుండా, అరుస్తూనే ఉంది కూతురు.

“నువ్వూ రెండు మాటలు చెప్పమ్మా,” అన్నారెవరో.

టైలరమ్మ లేచింది. కాగితం విప్పలేదు. తలుపు పక్కనున్నవాడి వైపే చూస్తూ మొదలుపెట్టింది.

“తమ్ముడూ, అమ్మ నిన్ను రావద్దనలేదు. నేనడిగింది ఆవిడకి వినపళ్లేదు. నేను మిషన్ మీంచి తల తిప్పలేదు. రావద్దన్నది నేనేరా.”

మిగిలింది కూడా చెప్పేసింది.

“పోయే ముందు రోజు కూడా నువ్వు ఫోన్ చేశావా అని అడిగింది. చాదస్తమని కసిరాను.”

తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఎర్రబారిన కళ్లతో అక్కని చాలాసేపు చూశాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. అతను ఆమెని దాటుకుని, కుర్చీ లాక్కుని, పిన్ని ఎదురుగా కూర్చున్నాడు.

“నా గురించి మీతో ఎప్పుడైనా ఏమైనా అనేదా?”

“అనకపోవడమేంట్రా! నువ్వు మూడు రోజులకే మిల్లులో పని మానేశావు చూడూ, ఇంటికెళ్లి జీతం పోయిందని నిన్ను తిట్టింది కదా? మర్నాడు షెడ్డంతా తిరిగి చెప్పుకుంది, నా కొడుకు బయటపడ్డాడు, వాడి చెవులు మిగిలాయని.”

తమ్ముడు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. “ఇంకా?” అన్నాడు.

పిన్ని చెబుతూ పోయింది. తనని ఎవరూ కూర్చోమనకపోయినా, టైలరమ్మ అక్కడే నిలబడి వింది.