జోగారావు మెదడు వైద్యం

పెంటపాడు రైతు జోగారావుకు అరవై రెండో ఏట మతి పోతుందన్న భయం పట్టుకుంది. నెత్తిమీదున్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికిన రోజున మొదలైందది. వాళ్ళ నాన్న చివరి రోజుల్లో కన్నకొడుకునే "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగాడు మరి. అది తలుచుకుంటే పాపం ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఇక ఫోన్‌లో వైద్యం చెప్పేవాళ్ళంతా ఆయనకు గురువులైపోయారు. ఎడమచేత్తో పళ్ళు తోమితే మెదడు చురుకవుతుందంటే సగం పేస్టు చొక్కాకే పూశాడు. నడవమన్నారని హైస్కూలు గ్రౌండుదాకా మోటారుసైకిలు మీద వెళ్ళి, అక్కడ నడిచొచ్చేవాడు. కొల్లేటి చేపలు బుట్టతో గుమ్మంలోకి వస్తుంటే, నీచువాసనంటూ అమ్మేవాళ్ళను తరిమేసి, సీసాడు చేపనూనె మాత్రలు తెప్పించుకున్నాడు. నలుగురితో మాట్లాడాలట! నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో చేరాడు. బాదంపప్పులు నానబెట్టడం, తొక్క తీయడం, వేళకు మాత్ర గుర్తుచేయడం మాత్రం భార్య పని. జ్ఞాపకశక్తి ఆయనకు, జ్ఞాపకం పెట్టుకోవడం ఆవిడకు.

అయినా భయం తీరక, ఆవిడను వెంటబెట్టుకుని ఏలూరులో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. తేదీ అడిగితే తిథితో సహా చెప్పాడు. వందలోంచి ఏడు చొప్పున తీసేయమంటే గడగడా తీసేశాడు. పదేళ్ళుగా వేసిన వరి వంగడాలన్నీ ఏకరువు పెట్టాడు.

"బాగుందండి. మీ ఆవిడ పేరు చెప్పండి," అన్నాడు డాక్టరు.

జోగారావు నోరు తెరిచాడు. మాట రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ నోటికి "ఇదిగో", "ఏమేవ్" తప్ప మరో పిలుపు అలవాటు లేదు. నాన్న ముఖం కళ్ళముందు మెదిలింది. డాక్టరు కలం అందుకున్నాడు.

"రాసేయకండి బాబూ," అంది ఆవిడ. "మర్చిపోవాలంటే ముందు ఎప్పుడైనా పలికుండాలి కదండీ. నా పేరు రత్నమాణిక్యం అండి."

డాక్టరు నవ్వాపుకుని, మందేమీ అక్కర్లేదనీ, రోజుకు పదిసార్లు ఆవిడను పేరుపెట్టి పిలవమనీ చెప్పి పంపించాడు. జోగారావుకు ప్రాణం లేచొచ్చింది.

తిరుగుదారిలో తాడేపల్లిగూడెం బస్టాండుకు వచ్చేసరికి పెంటపాడు బస్సు కదులుతోంది. ఆవిడ అరటిపళ్ళ బండి దగ్గర అటు తిరిగి ఉంది. జోగారావు సిగ్గు చంపుకుని "రత్నమాణిక్యం!" అని కేకేశాడు. ఆవిడ తిరగలేదు. ఇంకా గట్టిగా కేకేశాడు. బస్సు వెళ్ళిపోయింది. విసురుగా వెళ్ళి భుజం తట్టాడు.

"నన్నాండీ మీరు పిలిచింది?" ఆవిడ బిత్తరపోయింది. "మా అమ్మ పోయాక ఆ పేరుతో ఎవరూ పిలవలేదండి. ఇంకెవరినో అనుకున్నాను."